సలోమి గారి బల్ల మీద పెట్టని పుస్తకం

పోయిన వారం ఉపాధ్యాయుల శిక్షణ కోసం విజయవాడ వన్ టౌన్‌లో ఒక పాత బడికి వెళ్ళాను. మూడో అంతస్తులో హాలు. కింద సందులోంచి తోపుడు బళ్ళ కేకలూ ఆటోల హారన్లూ ఆగకుండా వస్తున్నా ఎవరూ తల తిప్పడం లేదు. ఇంతలో వెనక వరసలో ఎవరో ఇనప స్టూలును గచ్చు మీద ఈడ్చారు. కీచుమంటూ ఆ చప్పుడు హాలంతా గీరుకుంటూ వచ్చింది. నా భుజాలు వాటంతటవే పైకి లేచాయి, రాస్తున్న పెన్ను ఆగిపోయింది. పక్కన కూర్చున్న లెక్కల మాస్టారు నా మొహం చూసి బీపీ ఏమన్నా తేడా చేసిందేమోనని నీళ్ళ సీసా అందించారు. నలభై దాటినవాణ్ణి, పదిహేనేళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి, స్టూలు చప్పుడుకి జడుసుకున్నానని చెప్పుకోవడానికి సిగ్గేసింది. నీళ్ళు తాగి ఊరుకున్నాను.

ఆ చప్పుడు వినగానే నాకు గుర్తొచ్చేది ఒకే మనిషి, సలోమి గారు. ఎవరి తరగతికి వెళ్ళినా కుర్చీ వద్దనేవారు. ల్యాబ్‌లోంచి ఇనప స్టూలు ఒకటి తనే ఈడ్చుకొచ్చి, వెనక బెంచీ పిల్లల పక్కన వేసుకుని కూర్చునేవారు. పొట్టి మనిషి, సన్నటి మనిషి. నేత చీర, మెడలో చిన్న సిలువ, భుజానికి గుడ్డ సంచీ. ఆవిడ ఎవరినైనా గట్టిగా కోప్పడగా నేను చూడలేదు. తిట్టే మనిషైతే నేనంత భయపడేవాణ్ణి కాదు. తిట్టినవాళ్ళని ఇంటికెళ్ళి మనమూ తిట్టుకోవచ్చు, లెక్క సరిపోతుంది. ఈవిడ తిట్టరు, చూస్తారు. చూసి ఒక చిన్న ప్రశ్న అడుగుతారు. ఆ ప్రశ్న వారం రోజుల పాటు మనతో పాటు అన్నం తింటుంది, మనతో పాటు పడుకుంటుంది.

అప్పట్లో నేను పనిచేసే హైస్కూలు హనుమాన్ జంక్షన్ నుంచి షేర్ ఆటోలో పావుగంట లోపలికి ఉండేది. చుట్టుపక్కల బడుల్లో తెలుగు చెప్పేవాళ్ళందరం నెలకోసారి ఒకచోట కలవాలి, దాన్ని కాంప్లెక్స్ మీటింగ్ అంటాం. అంతకుముందు ఆ మీటింగంటే నాకు చాలా ఇష్టం. సంతకం, టీ, సమోసా, బదిలీల కబుర్లు, తర్వాత ఇల్లు. పక్క ఊరి బడిలో తెలుగు చెప్పే సలోమి గారికి దాని బాధ్యత అప్పగించిన మొదటి రోజునే ఆ సుఖం పోయింది. వచ్చే నెల అందరూ తలా ఒక నోటుబుక్కు తీసుకురావాలన్నారు. బాగా రాసే పిల్లలది కాదు. ఎవరి పుస్తకం తెరవాలంటే మీకు భయమేస్తుందో ఆ పుస్తకం తెండి అన్నారు. అంతటితో ఆగితే సరిపోయేది. అట్ట మీద పిల్లల పేరు కనపడకుండా తెల్ల చీటీ అంటించి, దాని మీద మన పేరు రాయాలన్నారు.

రిటైర్‌మెంటుకి దగ్గర పడ్డ ఒక మాస్టారు నవ్వుతూనే అడిగారు. "మా పేరెందుకండీ మేడమ్, రాసింది వాడైతే?"

"నేర్పింది మీరు కదండీ," అన్నారు సలోమి గారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

మరుసటి నెల బల్ల మీద పదకొండు పుస్తకాలు చేరాయి. అందులో నిజమైనవి రెండో మూడో. మిగతావన్నీ మా తెలివితేటలు. ఒకాయన ఆరు నెలలుగా బడికే రాని పిల్ల పుస్తకం తెచ్చారు. అందులో ఖాళీ పేజీలే గానీ రాత లేదు, కాబట్టి తప్పూ లేదు. ఒకావిడ మంచి పుస్తకంలోనే రెండు పేజీలు కావాలని కొట్టివేయించి తెచ్చారు. సలోమి గారు ఎవరినీ పట్టుకోలేదు. ఒక్కొక్క పుస్తకం తీసి, రాసిన పేజీని అవతలికి తిప్పి, వెనక వైపు వేళ్ళతో తడిమి చూశారు. ఎందుకలా చేస్తున్నారో మాకెవరికీ అర్థం కాలేదు. కష్టపడి సొంతంగా రాసే పిల్లలు పెన్ను గట్టిగా నొక్కుతారనీ, ఆ నొక్కు అవతలి పక్క వేలికి తగులుతుందనీ తర్వాత చెప్పారు. నేను తెచ్చింది ఎనిమిదో తరగతి కుర్రాడి పుస్తకం. గీతలూ కొట్టివేతలూ అన్నీ ఉన్నాయి, చూడటానికి భయంకరంగానే ఉంది. ఆవిడ వెనక తడిమి, ఒక వాక్యం పైకి చదివి, ఈ పిల్లాడు దారిలోనే ఉన్నాడండీ, కంగారు పడకండి అని నాకు తిరిగిచ్చారు. ఇచ్చేటప్పుడు నా కళ్ళలోకి చూసి, "ఇంకెవరన్నా ఉన్నారేమో చూడండి మాస్టారూ," అన్నారు.

ఉన్నారు. ఉన్నారని నాకు తెలుసు. ఆ పుస్తకం ఆ క్షణాన మా బడిలో, అద్దాల బీరువాలో, వచ్చిన అధికారులందరికీ చూపించే వరసలో మొదటిదిగా ఉంది.

నేను వ్యాసాలు ఎలా చెప్పేవాణ్ణో ముందు ఒప్పుకోవాలి. బోర్డు మీద నేనే రాసేవాణ్ణి. వర్షాకాలం, మా ఊరు, నాకు నచ్చిన పండుగ, ఏదైనా సరే. పిల్లలు చూసి రాసుకునేవాళ్ళు, నేను ఎర్ర సిరాతో టిక్కు పెట్టి సంతకం చేసేవాణ్ణి. నలభై మంది పుస్తకాల్లో నలభై మందికీ ఒకే ఊరు, ఒకే పండుగ, ఒకే వాన. తనిఖీకి వచ్చినవాళ్ళు పుస్తకాలు దిద్దారా లేదా అని చూస్తారు గానీ ఎవరి మాటలు దిద్దారని అడగరు. అలా అందరం చల్లగా ఉన్నాం. ఆ నలభై మందిలో దుర్గాభవాని అనే పిల్ల రాత ముత్యాలు పేర్చినట్టుండేది. నేను బోర్డు మీద రాసినదానికంటే ఆ పిల్ల పుస్తకంలో అందంగా ఉండేది. వాళ్ళ నాన్న ఏడుకొండలు రైతుల దగ్గర ట్రాక్టర్ తోలేవాడు, వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో తలలు వలిచే పనికి వెళ్ళేది. ఇద్దరికీ చదువు రాదు. ఏడాది పూర్తయిన ప్రతి పుస్తకాన్నీ ఏడుకొండలు అట్ట వేయించి, ట్రంకు పెట్టెలో దాచి, చుట్టాలొస్తే తీసి చూపిస్తాడని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. పది గట్టెక్కితే కాలేజీలో చేర్పిస్తాననీ, తప్పితే మాత్రం వాళ్ళమ్మతో షెడ్డుకే పంపుతాననీ అతను నాతోనే ఒకసారి అన్నాడు. ఆ రాత ఉన్న పిల్ల తప్పడమేమిటని నేను నవ్వేశాను.

ఆ పిల్ల తొమ్మిదిలో ఉండగా ఒక ఆగస్టు మధ్యాహ్నం వ్యాసం సగం రాసేసరికి వాన జల్లు కిటికీలోంచి కొట్టి బోర్డు తడిసిపోయింది. సుద్ద అక్షరాలు కారిపోయాయి. ఎక్కడిదాకా రాశామో చదవమని భవానిని లేపాను, అందరికంటే స్పష్టంగా రాసింది కాబట్టి. పిల్ల లేచి నిలబడింది. వేలు గీత మీద పెట్టింది. వేలు కదులుతోంది, పెదాలు కదులుతున్నాయి, గొంతు చక్కగా పలుకుతోంది. కానీ వినిపిస్తున్నది ఆ రోజు వ్యాసం కాదు. పోయిన వారం నేను చెప్పిన దసరా వ్యాసం. పేజీ మీద వర్షాకాలం ఉంది, పిల్ల నోట్లో దసరా ఉంది. మిగతా పిల్లలు పుస్తకాలు తుడుచుకునే హడావిడిలో ఉన్నారు, గమనించలేదు. భవాని తలెత్తి నన్ను చూసింది. నాకు తెలిసిపోయిందని దానికి తెలిసిపోయింది. అంత భయం నిండిన కళ్ళు నేను మళ్ళీ చూడలేదు. నా మొహం చూసుకునే వీలుంటే ఇంకో జత కనిపించేవేమో. కూర్చోమన్నాను, అంతే.

సాయంత్రం ఒంటరిగా పిలిచి చూశాను. అక్షరాలు విడివిడిగా గుర్తుపడుతుంది, నాలుగు కలిపి మాట చెయ్యలేదు. చూసి గీస్తుంది, విని ఒప్పజెబుతుంది. ఆ రెండు విద్యలతో నా దగ్గర మూడేళ్ళు నెగ్గుకొచ్చింది. ఎవరికీ చెప్పొద్దు సార్ అని ఏడ్చింది. చెప్పనులే అన్నాను. ఆ మాట దాని మీద జాలితో అన్నానని చాలాకాలం నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. నిజానికి నా కోసమే అన్నాను. హెడ్మాస్టరుకి తెలిస్తే? ఏడుకొండలుకి తెలిస్తే? బీరువాలో మొదటి పుస్తకం రాసిన పిల్లకి చదవడం రాదని తెలిస్తే, మూడేళ్ళు నువ్వేం చేశావయ్యా అని అడగరా? ఆ రోజు నుంచి ఆ పిల్ల నా వైపు చూడకుండా రాసుకునేది, నేను దాని వైపు చూడకుండా బోర్డు మీద రాసేవాణ్ణి.

సెప్టెంబరులో సలోమి గారు మా బడికి వస్తున్నట్టు కబురొచ్చింది. ఒకరి తరగతి ఒకరు చూసి మాట్లాడుకోవాలన్నది ఆవిడ పెట్టిన ఇంకో పద్ధతి. ఆ రోజు నేను సెలవు పెట్టాలనుకున్నాను. జ్వరం వస్తుందేమోనని రెండుసార్లు నుదురు పట్టుకుని చూసుకున్నాను కూడా, రాలేదు. స్టూలు చప్పుడు వరండాలో మొదలై గుమ్మం దాటి వచ్చింది. ఆవిడ తరగతంతా ఒకసారి చూసి, ఎక్కడ వేసుకున్నారనుకున్నారు? తిన్నగా భవాని పక్కన. నేను ఆ రోజు ఏం పాఠం చెప్పానో నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆవిడ కుడి చెయ్యి. భవాని పుస్తకం అడిగి తీసుకున్నారు. ఒక పేజీ అవతలికి తిప్పారు. వేళ్ళతో తడిమారు. ఇంకో పేజీ తిప్పారు, మళ్ళీ తడిమారు. నున్నగా, ఏమీ రాయనట్టే ఉండి ఉంటుంది. పిల్లతో ఏదో మెల్లగా అన్నారు. పిల్ల తల వంచుకుంది. ఆవిడ పుస్తకం మూసి, దాని చేతిలో పెట్టి, ఆ చేతి మీద తన చెయ్యి వేసి గంట కొట్టేదాకా అలాగే కూర్చున్నారు. బోర్డు మీద నా సుద్ద రెండుసార్లు విరిగింది.

సాయంత్రం ఇద్దరం ఒకే ఆటోలో జంక్షన్‌కి వచ్చి, ఒకే బస్సెక్కాం. ఆవిడదీ విజయవాడే. టిక్కెట్లు తీసుకున్నాక, కిటికీలోంచి చేపల చెరువుల వైపు చూస్తూ అడిగారు.

"ఎప్పట్నుంచి తెలుసండీ మీకు?"

ఏం తెలియడమండీ అనబోయాను. కానీ నెల అయిందని చెప్పాను. పై అధికారులకి రాస్తారా అని అడిగాను. అది ఎంత నీచమైన ప్రశ్నో అడిగాక తెలిసింది. పిల్ల సంగతి కాదు, నా సంగతి అడిగాను. ఆవిడ తన సంగతి చెప్పారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ దగ్గర సుందరం అనే కుర్రాడు చదివాడట. దస్తూరి చూసి మురిసిపోయి బడి వార్షికోత్సవంలో బహుమతి ఇప్పించారట. వాడికి చదవడం రాదని ఆవిడకి చూచాయగా తెలుసట, వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నారట. పన్నెండేళ్ళ తర్వాత వాడు ఒక కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. బాబాయి సంతకం పెట్టమంటే పెట్టాడట, ఇందులో ఏముందో చదివి చెప్పండి మేడమ్ అన్నాడట. తండ్రి వదిలి వెళ్ళిన పొలం బాబాయికి రాసిచ్చేసినట్టుంది అందులో.

"కాగితం చేతికివ్వగానే ముందు సంతకం చూశాను మాస్టారూ. ఎంత బాగా పెట్టాడో అని ఒక్క క్షణం సంతోషపడ్డాను. ఆ తర్వాత పైన చదివాను," అన్నారు. గన్నవరం దాటింది. దిగేముందు, భయపడుతున్నారు కాబట్టి మీకు చెప్పాను, భయం లేనివాళ్ళకి చెప్పినా దండగ అన్నారు.

అప్పట్నుంచి వారానికి రెండు సాయంత్రాలు ఆవిడ తన బడి అయ్యాక మా బడికి వచ్చేవారు. ఇద్దరు టీచర్లు, ఒక పిల్ల. నేనెప్పుడూ ఇంకో టీచరు చూస్తుండగా పాఠం చెప్పి ఎరగను. మొదట్లో ఆవిడ ఎదురుగా నోరు తెరవాలంటేనే చెమటలు పట్టేవి. ఆవిడ పద్ధతి చూస్తే ఏమీ లేనట్టుండేది. భవాని ఏదో ఒకటి చెప్పాలి, చెప్పిన మాటని నేను అలాగే కాగితం మీద పెట్టాలి, తన మాటని తను చదువుకోవాలి. తర్వాత కాగితం బోర్లించి, తనంతట తను రాయాలి. వినడానికి తేలికే. మూడు వారాలు ఆ పిల్ల ఒక్క మాట చెప్పలేదు. ఏం చెప్పాలి సార్ అనేది. నీ ఇష్టమంటే బెదిరిపోయేది. ఒక రోజు చేతులు జోడించినంత పని చేసింది.

"బోర్డు మీద రాయండి సార్. మీరు ఏది రాస్తే అది రాసుకుంటాను. తప్పు పోనివ్వను."

నేను సలోమి గారి వైపు చూశాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆ మాట పిల్ల అనుకుని అన్నది కాదు, నేను మూడేళ్ళు చెప్పిన చదువు దాని నోట అన్న మాట. నాకు నిజంగా భయమేసింది. అప్పటిదాకా పడ్డది ఉద్యోగ భయం. ఇది వేరు. ఎదురుగా ఉన్న పిల్లలో నేను ఏం తీసేశానో మొదటిసారి కనపడింది.

దసరా సెలవుల తర్వాత ఒక సాయంత్రం రాసింది. నాలుగు వాక్యాలు. మా అమ్మ చేతులు రొయ్యల వాసన వస్తాయి. సబ్బుతో కడిగినా పోదు. అన్నం పెడితే నేను ముక్కు మూసుకుంటాను. అమ్మ చూసింది. అంతే. కానీ ఆ రాత చూస్తే భవాని రాతని ఎవరూ అనరు. అక్షరాలు పడిపోతున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, గీత దాటి పోతున్నాయి. చూసి గీయడం మానేసి తనంతట తను రాసేసరికి ముత్యాలు ఎటు పోయాయో తెలియదు. సలోమి గారు పేజీ తిప్పి, వెనక తడిమి, నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించారు. అక్షరాలు వేలికి తగిలాయి. ఆవిడ కళ్ళు తడి అయ్యాయి. నావీ అయ్యాయి, కానీ నాకు అంతలోనే ఏడుకొండలు గుర్తొచ్చాడు.

అనుకున్నంతా అయింది. నెల తిరక్కుండా కూతురి కొత్త పుస్తకం అతని కంట పడింది. రేపు బడికొచ్చి మాట్లాడతానని కబురు చేశాడు. మనిషి మంచివాడే గానీ కోపమొస్తే ఊరు ఊరంతా తప్పుకుంటుందని అందరూ అంటారు. నేను పొద్దున్నే సలోమి గారికి ఫోన్ చేసి, మీరొచ్చి ఆయనతో మాట్లాడండని బతిమాలాను. ఆవిడకి ఆ రోజు పరీక్షల డ్యూటీ ఉంది. లేకపోయినా రానన్నారు. "నేనొస్తే నా మాట వింటాడు. ఆ పిల్ల కూర్చునేది మీ క్లాసులో కదండీ. మీరు చెప్పండి, భయపడుతూనే చెప్పండి," అని పెట్టేశారు.

ఏడుకొండలు పుస్తకం తెరిచి నా బల్ల మీద పడేశాడు. గుమ్మం దగ్గర భవాని గోడకి అంటుకుపోయి నిలబడి ఉంది. హెడ్మాస్టరు గది పక్కనే, తలుపు తెరిచే ఉంది.

"ఇదేంటండీ మాస్టారూ? అంత బాగా రాసే పిల్లని ఏం చేశారండీ మీరు?"

నా ముందు రెండు దారులున్నాయి. ఏదో అభ్యాసమండీ, మళ్ళీ మామూలుగా రాస్తుంది అంటే సరిపోతుంది, రేపట్నుంచి బోర్డు మీద రాస్తే ముత్యాలు తిరిగొస్తాయి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. పక్క గదిలో కుర్చీ కదిలింది. నేను లేచి నిలబడ్డాను, ఎందుకు నిలబడ్డానో తెలియదు. అమ్మాయికి చదవడం రాదండీ అన్నాను. ఇన్నేళ్ళూ నేను రాసింది చూసి గీసిందండీ అన్నాను. తప్పు అమ్మాయిది కాదు, నాది, ఇప్పుడే సొంతంగా నేర్చుకుంటోందండీ అన్నాను. ఒక్కో మాటా ఒక్కో మెట్టు దిగినట్టుంది, కింద ఏముందో తెలియదు.

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. పుస్తకం వైపు చూసి, "మరి పెట్లో ఉన్న పుస్తకాలన్నీ?" అన్నాడు.

"నేను బోర్డు మీద రాసినవండీ."

పుస్తకం తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. భవాని పరుగెత్తుకుంటూ వచ్చి బల్ల మీది పుస్తకం తీసుకుని తండ్రి వెనకాలే పోయింది. హెడ్మాస్టరు ఆ సాయంత్రం చాలా మాటలన్నారు, అన్నీ న్యాయమైనవే. సంజాయిషీ రాసివ్వమన్నారు, రాసిచ్చాను. అలా బోర్డు మీద కాకుండా నా సొంతంగా నేను రాసిన మొదటి పేజీ ఆ సంజాయిషీ అయింది. ఆ నెల కాంప్లెక్స్ మీటింగ్‌లో బీరువాలోని అందమైన పుస్తకానికి నా పేరు చీటీ అంటించి బల్ల మీద పెట్టాను. ఇంత మంచి పుస్తకం తెచ్చారేమిటని నవ్వారు కొందరు. సంగతి చెప్పాక ఎవరూ నవ్వలేదు. సలోమి గారు దాన్ని చేతిలోకి తీసుకుని, రండి, ఏం చేద్దామో చూద్దాం అన్నారు, రోజూ ఉండే పనే అన్నట్టు. మీటింగ్ అయ్యాక బస్టాపు దగ్గర ఇద్దరు టీచర్లు విడివిడిగా వచ్చి, మా దగ్గరా ఒకళ్ళున్నారండీ, ఎలా మొదలుపెట్టారు అని గొంతు తగ్గించి అడిగారు.

భవాని బడి మానలేదు. వాళ్ళ నాన్న పంపుతూనే ఉన్నాడు గానీ నాతో మాట్లాడటం మానేశాడు. పదో తరగతి ఏడాదంతా ఇతర సబ్జెక్టుల వాళ్ళని కూడా సలోమి గారు లాక్కొచ్చారు. వాళ్ళూ నాలాగే భయపడుతూ వచ్చారు. ఫలితాలు వచ్చిన రోజు ఆ పిల్ల నంబరు నేను కొట్టకుండా మా ఆవిడ చేత కొట్టించాను. తెలుగు గట్టెక్కింది. లెక్కలూ సైన్సూ పోయాయి. అంటే తప్పింది. అంటే షెడ్డు. నేను అన్నం తినలేకపోయాను. ఇన్నాళ్ళూ బోర్డు మీదే రాసి, జవాబులు బట్టీ పట్టించి ఉంటే గట్టెక్కేదేమో అన్న ఆలోచన కూడా వచ్చింది, అబద్ధమెందుకు.

మర్నాడు ఏడుకొండలు బడికి వచ్చాడు. బడి సెలవులే, మేం ఇద్దరు ముగ్గురం రికార్డుల పని మీద ఉన్నాం. భుజం మీద తువ్వాల మూట. నా బల్ల మీద దించి ముడి విప్పాడు. అట్టలు వేసిన నోటుబుక్కులు, మూడేళ్ళవి. నేను లేచాను.

"ఇవి మీవి కదండీ మాస్టారూ, మీరే ఉంచుకోండి," అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధించింది. "అమ్మాయి రాసిన పుస్తకం ఒక్కటే ఉందండి మా ఇంట్లో. రాత్రి వాళ్ళమ్మకి చదివి వినిపించింది. అది ఇవ్వనండి." మళ్ళీ తనే, సప్లిమెంటరీ ఎప్పుడండీ, ఏమేం చదవాలో కాగితం మీద రాసివ్వండి, అమ్మాయి చదువుకుంటుంది అన్నాడు.

ఆ వేసవిలో భవాని మిగతా రెండూ గట్టెక్కింది. కాలేజీలో చేరింది. నేను మూట సంగతి సలోమి గారికి ఫోన్లో చెప్పాను. ఈ భయం ఎప్పుడు పోతుందండీ అని అడిగాను. తనకి ముప్పై ఏళ్ళయినా పోలేదన్నారు. "ఆ మూట పారేయకండి మాస్టారూ. భయం తగ్గినట్టనిపించినప్పుడు తీసి చూసుకోండి," అన్నారు. ఆవిడ పోయి ఇప్పటికి రెండేళ్ళు. ఆవిడ పెట్టిన పద్ధతులు కొన్ని బడుల్లో ఉన్నాయి, కొన్ని చోట్ల మళ్ళీ టీ, సమోసాగా మారాయి. నేను ఇప్పుడు బోర్డు మీద వ్యాసం రాయను. కొత్త తరగతి మొదలైన వారంలో ఒక్కొక్క పిల్లనీ ఒంటరిగా కూర్చోబెట్టుకుని, తను రాసింది తనచేతనే చదివిస్తాను. పిల్ల నోరు తెరిచేదాకా నాకు ఊపిరాడదు. అయినా ఏడాదికోసారి, అంతా బాగానే చెబుతున్నానన్న ధీమా వస్తుంది. ఆ రోజు మూట విప్పుతాను. ఏ పుస్తకం తెరిచినా ముత్యాల్లాంటి రాత. ప్రతి పేజీ కిందా ఎర్ర సిరాతో నా సంతకం. ఆ పిల్ల మాట మాత్రం ఒక్కటీ ఉండదు.